ఎర్రకారుకు జ్వరం

ఆడపిల్లకు బండి రంగు తప్ప ఇంకేం తెలుస్తుందని మీరూ అనుకుంటున్నారా?

లారీ డ్రైవరు కూతురు నాంచారికి ఆదివారం తెల్లారుజామున కొండదారిలో కార్ల పందెం. చలికి బండి స్టార్టవకపోతే పందెమే లేదు. కారు కొందామని వెళ్తే, పాతకార్లమ్మే పానకాలరావు షెడ్డులో రెండు జపాన్ స్పోర్ట్స్ కార్లు చూపించాడు.

"ఆ తెల్లది నీకెందుకమ్మాయ్? ఎర్రది తీసుకో. వారంగా ఎవరూ ముట్టలేదు, అయినా తాళం తిప్పగానే లేస్తుంది!"

నాంచారి రెండు బానెట్ల మీదా చెయ్యి వేసింది. తెల్లది చల్లగా ఉంది, ఎర్రది కాలిపోతోంది.

"ఎవరూ ముట్టని బండికి ఇంత జ్వరమేంటి బాబాయ్? నేనొచ్చేలోపు వేడెక్కించి పెట్టావా? చల్లారనీ, అప్పుడు తిప్పుదాం."

చల్లారాక ఎర్రది దగ్గిందే గానీ లేవలేదు. తెల్లది ఒక్క తిప్పుకే గర్జించింది. పానకాలరావు తెల్లకారు తాళమే ఆమె చేతిలో పెట్టాడు. ఆదివారం చలిలో నాంచారి తెల్లకారే అందరికన్నా ముందు కొండెక్కింది.

పాతబండి కొనబోతున్నారా? అమ్మేవాడి మాట వినేముందు బానెట్ మీద చెయ్యి వెయ్యండి!