ముందే తెలిసిన లెక్క

శ్రావణ మంగళవారం, మధ్యాహ్నం సరిగ్గా మూడు గంటలకు, విజయనగరంలో భ్రమరాంబగారి ముందుగదిలో శ్రీవత్స తలుపు వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఆవిడ దగ్గర సంగీతం నేర్చుకుంటూ, ఆ ఇంట్లోనే ఉండి ఇంజనీరింగ్ చదువుతున్న పిల్లాడు. పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇంటర్న్‌షిప్‌కి ఆవేళే ఆఖరి ఇంటర్వ్యూ.

అవతలాయన ప్రోగ్రామ్ రాయమని ఒక లెక్క ఇచ్చాడు. చూడగానే వాడికి ప్రాణం లేచొచ్చింది. క్రితం రోజు చేసిందే! పొద్దున్న గురువుగారి కొత్తకోడలు మాళవికకి గొప్పగా వివరించాడు కూడా.

"ఇది ఇదివరకు చూశారా?" అని అడిగాడాయన.

చూశానంటే ఇంకొకటి ఇస్తారు.

"లేదండీ."

ఆపైన తల గోక్కున్నాడు. కావాలని ఒక తప్పుదారి పట్టి, నాలుక కరుచుకుని వెనక్కొచ్చాడు. అప్పుడే తట్టినట్టు పూర్తిచేశాడు.

"ఎంత చక్కగా ఆలోచించారండీ!" అని మురిసిపోయాడాయన. "రేపు సాయంత్రం కబురు చేస్తాం."

తలుపు తీస్తే ఎదురుగా, కోడలి మంగళగౌరీ నోముకి తాంబూలాలు సర్దుతూ భ్రమరాంబగారు. పక్కనే, వాణ్ణి మరిది వరస పెట్టి పిలిచే మాళవిక.

"ఏం మరిదిగారూ, పొద్దున్న నాకు పాఠం చెప్పిన లెక్కేగా అది? తెగ తడబడ్డారే! సినిమాల్లో చేరాల్సింది."

వాడు నవ్వబోయాడు. నవ్వు రాలేదు. గురువుగారు తలెత్తలేదు.

సాయంత్రం పేరంటాళ్ళొచ్చి పాడమన్నారు. ఆవిడ కల్యాణిలో కీర్తన అందుకుని, స్వరకల్పనలోకి వెళ్ళారు. అప్పటికప్పుడు మనసులోంచి అల్లుకుపోవలసిన స్వరాలవి. వెనక తంబుర మీటుతున్న శ్రీవత్సకి ఒళ్ళు జలదరించింది.

ఎదురింటి సుభద్రమ్మగారు కళ్ళొత్తుకున్నారు. "ఈ వయసులో ఏం కల్పనండీ! ఎలా తడతాయో మీకు!"

"నావి కావమ్మా," అన్నారావిడ. "చిన్నప్పుడు మా గురువుగారు వల్లె వేయించినవి. ఇవాళ ఆయాసంగా ఉండి, అవే అప్పజెప్పేశాను."

గది ఒక్క క్షణం చిన్నబోయింది. ఆవిడ మాత్రం తాపీగా అందరికీ శనగలు పంచారు.

తంబుర ఆగిపోయింది.

"మీటు నాయనా," అన్నారు, వెనక్కి తిరక్కుండానే.

పేరంటం ముగిశాక వాడొచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. తల వంచుకునే అడిగాడు.

"రెండేళ్ళుగా దీనికోసమే చదివానండీ. చెబితే పోతుందేమో, అమ్మగారూ."

"పోవచ్చు," అన్నారావిడ.

మరునాడు ఉదయం పాఠానికొచ్చిన పిల్లల్ని మాళవిక గుమ్మంలోనే ఆపి, నోటి మీద వేలు పెట్టి పెరట్లోకి తీసుకుపోయింది. భ్రమరాంబగారు అక్కడే పీట వేయించుకుని, చప్పుడు కాకుండా తొడ మీద వేళ్ళతో తాళం చూపిస్తూ కూర్చున్నారు. పిల్లలు పెదవులు కదుపుతూ మనసులోనే పాడుకున్నారు. ముందుగదిలో శ్రీవత్స కంపెనీకి ఫోన్ చేస్తున్నాడు.