సోమనాథం గారి ఉంగరపు వేలు

"గురువుగారూ, మీ మాట ఒకటి చెబుతుంటే, మీ చెయ్యి ఇంకొకటి చూపిస్తుంటే నేను దేన్ని పట్టుకోవాలి?" అని హైమవతి అడిగిన రోజున నేనక్కడే ఉన్నాను. ఉండటమేమిటి, ఆ ప్రశ్న పుట్టిందే నా వల్ల.

నాట్యాచార్యులు ఏలేశ్వరపు సోమనాథం గారి దగ్గర ముప్పై ఏళ్లు శిష్యరికం చేసినవాణ్ణి. నేను పతాక హస్తం పడితే కృష్ణమ్మ ఒక్క క్షణం ఆగి, చూసి మరీ పారేది. నమ్మకపోతే అవతలి ఒడ్డువాళ్లను అడగండి. పతాకమంటే బొటనవేలు ముడిచి, తక్కిన వేళ్లన్నీ చాచడం. ఉంగరపు వేలు వంగిందా, అది త్రిపతాకం, అర్థమే వేరు. గురువుగారు నోటితో చెప్పే పాఠమూ ఇదే. కానీ పన్నెండేళ్లుగా ఆయన అరచేతిలో చర్మం కింద ఒక పొర తాడులా బిగిసి, ఉంగరపు వేలిని లోపలికి లాగేసింది. హైమవతి వేరే చోట కొన్నేళ్లు నేర్చుకుని మా దగ్గర కొత్తగా చేరింది, నిటారుగా పట్టింది. "వేలు వంచవే! గురువుగారి కంటే నీకెక్కువ తెలుసా?" అని గద్దించాను. మూడు నెలల్లో దాని తొలి ప్రదర్శన.

గురువుగారు తన చేతికేసి చూసుకున్నారు. "గజ్జె కట్టేలోగా చెబుతానమ్మా" అన్నారు. కత్తి పెడితే వేలు మొద్దుబారి అభినయం పోతుందని భయపడి, ఏళ్ల తరబడి డాక్టరుకు వాయిదాలు చెప్పిన మనిషి, ఆ సోమవారమే గుంటూరు వెళ్లి ఆపరేషన్ చేయించుకున్నారు. బయట కూర్చుని నేను పెట్టిన మొక్కులకు ముక్కోటి దేవతలకూ ఊపిరాడలేదు. కుట్లు విప్పాక వేలికి బద్ద కట్టుకుని, పళ్ల బిగువున రోజూ వంచి చాచి, రెండు నెలలకు పాఠానికి కూర్చున్నారు.

"పతాకం పట్టండి" అన్నారు.

ఆయన చెయ్యి అరిటాకులా విచ్చుకుంది. హైమవతిదీ అంతే. నేనూ మహావీరుడిలా చెయ్యి చాచాను. ఉంగరపు వేలు వంగే ఉంది. లేపాను, లేచింది. చూపు తిప్పగానే మళ్లీ వాలింది. గోవర్ధనగిరి ఎత్తమన్నా ఎత్తేవాణ్ణే, ఆ ఒక్క వేలినీ నిలపలేకపోయాను.

"ఏరా పేర్రాజూ, నీకూ పొర బిగిసిందా?"

"లేదండీ... మీ చెయ్యి అలాగే ఉండేది కదండీ."

ఆయన లేచి వచ్చి, ఇంకా మచ్చ మాయని చేత్తో నా వేలిని మెల్లగా పైకెత్తి పట్టుకున్నారు. హైమవతి వైపు తిరిగి అన్నారు:

"నాది కోస్తే విడిందమ్మా. వీడిది ఎక్కడ కోయాలో ఏ డాక్టరుకు తెలుస్తుంది?"