కన్నబిడ్డలా చూసుకున్న పళ్ళెం

భీమిలిలో సముద్రానికి రెండు వీధుల ఇవతల ఒక ఇల్లు ఉంది. ఆ ఇంట్లో ఉన్నంత తెలివి ఊళ్ళో ఇంకెక్కడా లేదని ఆ ఇంట్లోవాళ్ళే చెప్పేవాళ్ళు. వేరెవరూ చెప్పకపోవడానికి కారణం ఓర్వలేనితనం అని ఇంటిపెద్ద నూకరాజు అభిప్రాయం. ఎవరు ఏ మాట చెబితే ఆ మాట పొల్లుపోకుండా చెయ్యడమే తెలివంటే, అని అతను తన భార్య ముత్యాలుకీ తమ్ముడు అప్పలసూరికీ నూరిపోశాడు. ఒకసారి అప్పలసూరి క్షవరానికి వెళితే షాపు గోడ మీద 'వరుసలో కూర్చోవలెను' అని రాసి ఉంది. చూస్తే తనొక్కడే ఉన్నాడు. ఒక్కడు కూర్చుంటే వరుస ఎలా అవుతుంది? అంతే, ఇంటికి పరిగెత్తుకొచ్చి అన్ననీ వదిననీ వెంటబెట్టుకెళ్ళాడు. వరుసలో ముత్యాలును చూసి షాపువాడు కత్తెర కింద పెట్టేశాడు. చదువు రాని మనిషి, రాసిపెట్టినది తనకే తెలియదు పాపం, అని ముగ్గురూ జాలిపడి వచ్చేశారు.

నూకరాజు మేనమామ పేరు గవర్రాజు. పెళ్ళి చేసుకోలేదు. ఆయన సంసారమంతా పాత ఎగిరే పళ్ళేలు. ప్లాస్టిక్‌వి, విసిరితే గాల్లో గిరగిరా తిరుగుతూ పోయేవి. ఎక్కడో అమెరికాలో కాలేజీ కుర్రాళ్ళు ఖాళీ రేకుపళ్ళేలు విసురుకోవడంతో ఇది మొదలైందనీ, ప్లాస్టిక్‌వి వచ్చాక పోటీలు పుట్టాయనీ ఆయన అడక్కపోయినా చెప్పేవాడు. ఎవరు దూరం విసిరారు, విసిరినదాన్ని మళ్ళీ ఎవరు తామే పరిగెత్తి పట్టుకున్నారు, అవీ పోటీలు. జట్లు కట్టి ఆడినా అంపైరు ఉండడు, ఎవరి తప్పు వాళ్ళే ఒప్పుకోవాలి. భీమిలి ఇసుకలో ఇలాంటి పోటీ మొదటిసారి పెట్టుకున్నది గవర్రాజూ ఆయన స్నేహితులూనే. ఆనాటి పళ్ళెం మీద రెండు జట్లవాళ్ళూ సంతకాలు పెట్టారు. బీరువా నిండా ఉన్నవన్నీ ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు. ఆ బీరువా తన ఇంటికి రావాలని నూకరాజు చిన్నప్పటి నుంచీ కలలు కంటున్నాడు.

వచ్చే ఆదివారం సముద్రపు గట్టు మీద పాత ఆటగాళ్ళ సభ అనుకున్నారు. గవర్రాజు ఆ పళ్ళేన్ని మళ్ళీ విసిరితే సభ మొదలు. దూరాన ఉన్న స్నేహితుల్ని తీసుకురావడానికి వెళుతూ ఆయన పళ్ళేన్ని నూకరాజు చేతిలో పెట్టాడు.

"ఒరే, దీన్ని కన్నబిడ్డలా చూసుకో. నేనొచ్చేసరికి క్షేమంగా ఉంటే ఆ బీరువా మొత్తం నీదే."

ఇంకేముంది, నూకరాజుకి కాళ్ళు నేలమీద ఆనలేదు. కానీ చిన్న చిక్కొచ్చింది. వాళ్ళకి పిల్లల్లేరు. కన్నబిడ్డని ఎలా చూస్తారో ఎవరికి తెలుసు? తెలియనిది అడగడం కూడా తెలివే కాబట్టి ముత్యాలు గోడ మీదుగా పక్కింటి రమణమ్మని పిలిచింది. ఇంట్లోకి బిడ్డ వచ్చిందనీ, ఎలా చూసుకోవాలో చెప్పమనీ అడిగింది. ఎవరి బిడ్డ అంది రమణమ్మ. గవర్రాజు మావయ్యది, మా పెళ్ళికి ముందు నుంచీ దాచుకున్నాడు, అంది ముత్యాలు. ఆవిడ చేతిలో చేట కింద పడింది. ఈ వయసులో ఈయనకిదేం బుద్ధి అని ముక్కున వేలేసుకుని, అయినా బిడ్డదేం తప్పు అని కళ్ళొత్తుకుని, తెలిసినదంతా చెప్పింది.

నూనె పట్టించమంది. పట్టించారు. సున్నిపిండితో నలుగు పెట్టి వేడి నీళ్ళు పొయ్యమంది. పోశారు. సంతకాలు ఒకటొకటిగా నురగలో కొట్టుకుపోతుంటే, బిడ్డకి ఎంత మురికి పట్టిందో చూడు, ఒంటరి మగాడికి పిల్లల పెంపకమేం తెలుస్తుంది, అని ముత్యాలు మావయ్యని తిట్టుకుంది. ఆ తర్వాత సాంబ్రాణి. పొగ బాగా పట్టాలని నూకరాజు నిప్పుల మీదే పడుకోబెట్టాడు. అంతే, గుండ్రటి పళ్ళెం అప్పడంలా మెలితిరిగింది.

బిడ్డ వంకరగా ఉందని మళ్ళీ గోడ దగ్గరికి పరుగు. కాళ్ళూ చేతులూ కాస్త సాగదియ్యమంది రమణమ్మ. ఒక అంచు అన్నా, ఒక అంచు తమ్ముడూ పట్టుకుని సాగదీశారు. నడిమికంటా సన్నగా ఒక గీత పడింది. పాపిడి తీసినట్టుంది, ఇప్పుడే కళొచ్చిందని ముత్యాలు మురిసిపోయింది. ఏడుస్తోందా అని రమణమ్మ అడిగింది. వచ్చినప్పటి నుంచీ చప్పుడే లేదన్నారు. ఏడవని బిడ్డని వీపు మీద తట్టాలర్రా అని ఆవిడ గుండె బాదుకుంది. ముగ్గురూ వంతులేసుకుని తట్టారు. గీత ఇంకాస్త పొడుగు పెరిగింది. ఆఖరికి కాటుకతో దిష్టిచుక్క పెట్టి, చీర ఉయ్యాలలో వేసి, ఎవరి కన్నూ పడకుండా తలుపేశారు.

శనివారం సాయంత్రం గవర్రాజు తిరిగొచ్చాడు. వీధిలో ఆడవాళ్ళు ఆయన్ని చూసి మొహాలు ఎందుకు తిప్పుకున్నారో అర్థం కాలేదు. ఉయ్యాలలోకి తొంగి చూశాడు. పళ్ళేన్ని బయటికి తీసి అటూ ఇటూ తిప్పాడు. తర్వాత ఇది ఎవరి పని అని అడిగాడు. ఎవరి తప్పు వాళ్ళే ఒప్పుకోవాలన్న నియమం నూకరాజుకి గుర్తుంది. గుండె మీద చెయ్యి వేసుకుని వెతుక్కున్నాడు. ఒక్క తప్పూ కనిపించలేదు. ఆ మాటే నిజాయితీగా చెప్పాడు.

గవర్రాజు గోడకి చేరగిలబడిపోయాడు. "నా కుడిచెయ్యి విరిచేశారు కదరా" అన్నాడు.

నూకరాజు ఒక్క గెంతులో దగ్గరికొచ్చాడు. చెయ్యి పట్టుకుని చూశాడు. పైకి బాగానే ఉంది. అంటే లోపల విరిగింది. రేపు విసరాల్సిన చెయ్యి. ఇంకేముంది, అన్నదమ్ములిద్దరూ మావయ్యని మంచం మీద పడుకోబెట్టి, మంచంతో సహా ఎత్తుకుని, ఎముకలకి కట్టు కట్టే అతని దగ్గరికి పరిగెత్తారు. నాకేం కాలేదు, దింపండర్రా అని ఆయన దారి పొడుగునా అరిచాడు. కట్టు కట్టే అతనికి అది కొత్త కాదు. అక్కడికొచ్చే ప్రతివాడూ వద్దు మొర్రో అనే వస్తాడు. వేలి కొసల నుంచి భుజం దాకా వెదురు బద్దలు వేసి బిగించేశాడు.

ఆదివారం గట్టు మీద జనం చేరారు. ముసలి ఆటగాళ్ళంతా మొదటి విసురు కోసం ఎదురు చూస్తున్నారు. బద్దల చెయ్యి మెడకి వేలాడేసుకుని గవర్రాజు నిలబడ్డాడు. వేరే దారి లేక, నువ్వే విసరరా అని మేనల్లుడికి చెప్పాడు. నూకరాజు పళ్ళేన్ని గుండెకి హత్తుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

"కన్నబిడ్డని ఎవరైనా విసురుతారా మావయ్యా?"

సభ సభంతా గవర్రాజు వైపు చూసింది. ఆయనకి కోపం తెచ్చుకునే ఓపిక కూడా మిగల్లేదు. ఎంత పెంచుకున్నా ఏదో ఒకనాడు పంపించక తప్పదురా, ఇక చెయ్యి వదిలెయ్యి, అన్నాడు మెల్లగా. ఆ మాట నూకరాజు మనసుకి తగిలింది. కళ్ళు తుడుచుకున్నాడు. పళ్ళేన్ని ముద్దు పెట్టుకున్నాడు. చెప్పింది చెప్పినట్టు రెండు చేతులూ వదిలేశాడు.

పళ్ళెం నిలువునా గట్టురాయి మీద పడింది. పాపిడి వెంట సరిగ్గా రెండైంది.

ముసలి ఆటగాళ్ళు తలలు పట్టుకున్నారు. ముత్యాలు మాత్రం ఒక్క ఉదుటున వచ్చి రెండు ముక్కల్నీ ఒడిలోకి తీసుకుంది. ఒకదాని తర్వాత ఒకటి తిప్పి తిప్పి చూసింది. మొహం వెలిగిపోయింది.

"మావయ్యా, కవలలు. మీరు ఒకర్ని ఇచ్చి వెళ్ళారు, మేం ఇద్దర్ని అప్పగిస్తున్నాం. మరి ఆ బీరువాలో పిల్లల్ని ఎప్పుడు పంపిస్తారు?"