ఇంజన్‌కి బోరు కొట్టించిన పైడిరాజు

మెట్ట కింద గౌరునాయుడి ఇంట్లో తెలివికి లోటు లేదు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, గౌరునాయుడే అన్నాడు. తమ ఇంట్లో ఒక్క మాట కూడా నేల మీద పడనివ్వరనీ, ఎవరేం చెప్తే అది చెప్పినట్టు చేసేస్తారనీ అతని గొప్ప. నిజమే. మొన్న కరెంటు పోయిందనగానే అతని బావమరిది ఎర్నాయుడు టార్చిలైటు పట్టుకుని సందులన్నీ వెతికొచ్చాడు. దొరకలేదు గానీ, వెతకడంలో లోపం లేదు.

ఆ తెలివితోనే వాళ్ళు కారు కట్టారు. పెట్టెల్లో ముక్కలుగా వస్తే ఇంట్లోనే బిగించి, ఓ పాత ఆటో ఇంజన్ అందులో కూర్చోబెట్టారు. అంతా అయ్యాక తట్టెడు బోల్టులు మిగిలాయి. కంపెనీ వాళ్ళకి లెక్కలు రావని నవ్వుకుని, వాటిని చూరులో దాచారు.

ఈ కారు మీదే గౌరునాయుడి కొడుకు పైడిరాజు బతుకంతా ఆధారపడి ఉంది. పైడిరాజు కవి. మెట్ట మీద ఉండే హైమ అనే అమ్మాయి మీద కవితలు రాస్తాడు. మబ్బు కనపడితే హైమ చీర అంటాడు, మంచు పడితే హైమ నవ్వు అంటాడు, అన్నంలో రాయి తగిలినా హైమ పన్ను అంటాడు. హైమ వాళ్ళ నాన్న సూరప్పడు ఓ మాట కబురు చేశాడు. శుక్రవారం కుర్రాడు తన కారులో కూర్చుని మెట్ట ఎక్కి తన వాకిట్లోకి వస్తే పిల్లనిస్తాడట. రాకపోతే లారీ ఉన్న మరో సంబంధం వాళ్ళకి మాటిచ్చేస్తాడట.

కారు చూస్తే మెట్ట కాదు గదా, వీధిలో గతుకు కూడా ఎక్కడం లేదు. పైడిరాజుకి తిండి సయించలేదు. మావయ్య ఎర్నాయుడిని వెంటబెట్టుకుని జంక్షన్‌లో మెకానిక్ మస్తాన్ దగ్గరికి పరిగెత్తాడు. మస్తాన్ ఏదో లారీ కింద దూరి ఉన్నాడు, పాదాలే కనపడుతున్నాయి. ఆ పాదాలకే కష్టమంతా చెప్పుకున్నారు.

"కొత్త ఇంజనేం అక్కర్లేదు," అన్నాడు మస్తాన్ లోపల్నించే. "గాలి అందట్లేదు దానికి, బాగా గాలి తగలనివ్వండి. సిలిండరుకి కాస్త బోరు కొట్టించండి. బండి బరువు తగ్గించండి. అంతే, లేడిలా ఎక్కేస్తది."

అంతే. ఇంటికొచ్చి పనిలోకి దిగారు.

ముందు గాలి. పైడిరాజు తల్లి సింహాచలం విసనకర్రతో ఇంజన్‌కి విసిరింది. చెయ్యి లాగేసింది. ఎర్నాయుడు కళ్ళంలో పొట్టు ఎగరేసే పెద్ద ఫ్యాను తెచ్చి పెట్టాడు. పొట్టుతో సహా పెట్టాడు. ఇంకేముంది, పొట్టంతా ఇంజన్‌లోకి పోయింది. తాళం తిప్పితే ఖళ్ళుఖళ్ళుమని దగ్గింది. చల్లగాలి పడలేదు పిల్లకి అని సింహాచలం నొచ్చుకుని, మిరియాల కషాయం కాచి పెట్రోలు ట్యాంకులో పోసింది. దగ్గు తగ్గింది. దాంతోపాటు మిగతా చప్పుళ్ళు కూడా తగ్గాయి. నిద్ర పట్టిందన్నారు.

తర్వాత బోరు. ఇక్కడ ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. ఇంజన్‌కి బోరు ఎవరు కొట్టించాలి? గౌరునాయుడు తన కుడి మోకాలి నొప్పి కథ చెప్తానన్నాడు. ఎర్నాయుడు తను రైలు తప్పిపోయిన కథ మొదలుపెట్టాడు, అది చెప్తే వినేవాళ్ళు లేచి వెళ్ళిపోతారని అతనికి నమ్మకం. కానీ అతని పెళ్ళాం దాలమ్మ ఒక్క మాటతో తేల్చేసింది.

"అల్లుడి కవితలుండగా మీ కథలెందుకు? మొన్న చదువుతుంటే మా గేదె పాలు కూడా చేపలేదు."

అందరూ ఒక్కసారే తలూపారు. పైడిరాజు మనసు చివుక్కుమంది. సొంత తల్లి కూడా ఊపింది. అందరికంటే గట్టిగా ఊపింది. అయినా హైమ కోసం అవమానం దిగమింగి, కవితల కట్ట తీసుకుని ఇంజన్ పక్కన పీట వేసుకున్నాడు. "హైమా, నువ్వు ఎండలో వెన్నెలవి, వెన్నెల్లో ఎండవి" అంటూ మొదలుపెట్టి చదువుతూనే ఉన్నాడు. తనకే రెండుసార్లు కునుకు పట్టింది. ఎర్నాయుడు మాత్రం ఏదో సాయం చెయ్యాలని ఇంజన్ అడుగున ఓ బోల్టు తిప్పుతూ కూర్చున్నాడు. కాసేపటికి నల్లగా ఆయిలు బొటబొటా కారింది.

"బోరు కొట్టిస్తే బోరున ఏడుస్తోంది బావా," అన్నాడు ఎర్నాయుడు. "పని బ్రహ్మాండంగా కుదిరింది."

పైడిరాజు మాత్రం లోపల్లోపల పొంగిపోయాడు. తన కవిత్వం విని కన్నీళ్ళు పెట్టుకున్న మొదటి ప్రాణి అది.

ఇక బరువు. తలుపులు ఊడదీశారు, సీట్లు పీకేశారు. బ్రేకులు కూడా ఇనుమే కదా అని అవీ తీసేశారు. అయినా బండి బరువుగానే ఉంది. గౌరునాయుడు చుట్టూ తిరిగి చూసి, అన్నిటికంటే బరువైంది ఇంజనే అని కనిపెట్టాడు. ఇంతసేపూ ఎవరికీ తట్టనందుకు అందరూ సిగ్గుపడ్డారు. అంతే, ఇంజన్ కిందకి దిగింది. ఇప్పుడు తోస్తే కారు ఉయ్యాలలా కదిలింది.

శుక్రవారం బయల్దేరారు. పైడిరాజు కొత్త చొక్కా తొడుక్కుని, సీటు లేదు కనక పీట మీద కూర్చుని స్టీరింగు పట్టుకున్నాడు. తల్లీ అత్తా వెనక నుంచి తోశారు. ఇంజన్ లేని కారంటే అత్తవారు ఏమనుకుంటారోనని, గౌరునాయుడూ ఎర్నాయుడూ ఇంజన్‌ని వాసానికి వేలాడగట్టి భుజాల మీద మోసుకుంటూ వెనకాలే వచ్చారు.

కారు మెట్ట ఎక్కింది. సూరప్పడి వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఆడవాళ్ళిద్దరూ కారు వెనకాలే దానికి వీపులానించి చతికిలబడి రొప్పుతూ కూర్చుండిపోయారు. అరుగు మీంచి సూరప్పడు నోరు తెరుచుకుని చూశాడు. పొగ లేదు, చప్పుడు లేదు. ఇలాంటి బండి తన జన్మలో చూడలేదన్నాడు. గుమ్మంలో హైమ కాఫీ గ్లాసుతో నిలబడి నవ్వింది. పైడిరాజుకి లోకం అక్కడితో ఆగిపోయింది.

"మాటంటే మాటే. పిల్ల నీదే," అన్నాడు సూరప్పడు. "బండి కట్టేసి రా నాయనా, మాట్లాడుకుందాం."

మామగారి మొదటి మాట. కాదనగలడా? పైడిరాజు దిగి తాడు తీసుకున్నాడు. ఒక కొస కారుకి కట్టాడు. రెండో కొస దేనికి కట్టాలా అని చూస్తే వాకిట్లో ఒక్క గుంజ కూడా లేదు. తన నడుముకే కట్టుకున్నాడు. హైమ దగ్గరికెళ్ళి గ్లాసు అందుకున్నాడు. వేళ్ళు తగిలాయి.

సరిగ్గా అప్పుడే ఆడవాళ్ళకి దాహమేసింది, లేచి కుళాయి దగ్గరికి వెళ్ళారు. ఇంకేముంది, కారు వెనక్కి, మెట్ట కిందకి కదిలింది. తాడు బిగిసింది. పైడిరాజు గ్లాసుతో సహా వెనక్కి నడిచాడు, తర్వాత వెనక్కి పరిగెత్తాడు, తర్వాత ముందుకు తిరిగి పరిగెత్తాడు. కాఫీ తాగి వెళ్ళమని హైమ కేకేసింది. గ్లాసు మళ్ళీ తెచ్చిస్తానని అతను చెప్పాడు.

బరువుకి వెనకబడి, ఇంకా మెట్ట సగంలోనే ఇంజన్ మోసుకొస్తున్న ఇద్దరి పక్కనుంచే కారు దూసుకుపోయింది, దాని వెనకాల పెళ్ళికొడుకు.

"కాఫీ ఇచ్చారంటే సంబంధం కుదిరినట్టే," అన్నాడు గౌరునాయుడు తృప్తిగా.

"మరి ఆ పరుగేంటి బావా?"

"ముహూర్తం పెట్టించుకోవద్దా? ఈ కాలం కుర్రాళ్ళకి ఆగే ఓపికేదిరా."

"ఇంజన్ మర్చిపోయి పోతున్నాడు."

"అందించు మరి."

అంతే. ఇద్దరూ కట్లు విప్పి, ఇంజన్‌ని కిందకి దొర్లించారు.

ఆ చప్పుడుకి పైడిరాజు పరిగెడుతూనే తల తిప్పి చూశాడు. రాళ్ళ మీద ఎగిరెగిరి పడుతూ ఇంజన్ తన వెనకాలే వస్తోంది. అతని కళ్ళు చెమర్చాయి. తనని వదిలి ఒక్క పూట ఉండలేకపోయింది, పాపం.

"తొందరేం లేదు, నెమ్మదిగా రా," అని గ్లాసున్న చెయ్యి ఊపాడు.