ఒట్టిచేతుల బాలింత గౌరీ వ్రత కథ

అక్షతలు చేతబట్టి, ఇరుగుపొరుగు ముచ్చట్లు కట్టిపెట్టి, ఈ కథ వినవలయును.

తొల్లి తుంగభద్రా తీరమున మేధాయనుడను ముని శాంతవ్రత మహర్షికి మ్రొక్కి యిట్లడిగెను. స్వామీ, సంతానమిచ్చు వ్రతములు ఎన్నియో సెలవిచ్చితిరి. అవన్నియు చేసియు కడుపు పండని స్త్రీలు కలరు. పండియు నిలువని వారును కలరు. వారికొరకు ఒక్క కథయైనను లేదా యని యడుగగా, మహర్షి, ఈ మాట అడుగువారు తక్కువ, వినుమని చెప్పసాగెను.

ఘంటికాపురమను పట్టణమున సింగనయను కంచరి యుండెను. అతడు పోసిన కంచు గిన్నెను వ్రేలితో తాకిన చాలు, వీధి చివరకు వినబడెడిది. అతని భార్య మల్లాంబ, తల్లి కామసాని. మల్లాంబ కాపురమునకు వచ్చిన మరుసటి యేడు నెల తప్పెను. ఆమె పాత చీరలు చింపి పొత్తిగుడ్డలు కుట్టుకొనెను. ఆడపిల్లయైన చిట్టెమ్మయని పిలుచుకొందునని మనసులో అనుకొనెను. అయిదవ మాసమున ఆ గర్భము జారిపోయెను.

కామసాని పెరటిలో చేయవలసినది చేసి, కోడలికి జ్వరము తగిలినదని ఇరుగుపొరుగుకు చెప్పెను. ఆమె చెడ్డది కాదు. పేరెత్తకున్న మరచిపోవుననుకొనెను. ఇట్లనుకొను పెద్దలు ప్రతి ఇంటను కలరు. మల్లాంబ మూడవనాటికే బిందె చంకనెత్తుకొని నీళ్లకు పోయెను. పాలు చేపుకు వచ్చి రవిక తడిసెను. త్రాగుటకు బిడ్డ లేదాయెను. ఆమె గోడచాటున పిండి పారబోసికొని, కన్నులు తుడుచుకొని, వచ్చి అన్నము వార్చెను.

ఆ సాయంకాలము గౌరీదేవి ముసలి మంత్రసాని రూపున వాకిట నిలిచి, ఈ ఇంట బాలింత యున్నదట, చూచి పోయెదననెను.

"మా ఇంట్లో బాలింతెవరూ లేదమ్మా. పక్కింట్లో అడుగు" అని కామసాని తలుపు వేసెను.

దేవి వెడలిపోయెను. నాటినుండి సింగన పోసిన గిన్నెలకు బీటలు వారసాగెను.

మరల మల్లాంబకు నెల తప్పెను. ఈ తూరి ఆమె గుడ్డలు కుట్టలేదు, ఎవరికిని చెప్పలేదు. అయినను సూరన్న యను పేరొకటి అడుగకయే మనసులోనికి వచ్చి కూర్చుండెను. ఆ గర్భము కూడ నిలువలేదు. ముసలిది మరల వచ్చి అదే మాట అడిగెను. ఈసారి సింగన కొలిమి యొద్దనుండి తల యెత్తక, ఇక్కడ బాలింతలు లేరు పొమ్మనెను. ఆ పూటనే కొలిమి చల్లారెను. ఎంత ఊదినను రాజుకొనలేదు. బేరములు పై వీధి కంచరికి పోయెను. ఇంట ఉప్పుకు పప్పుకు కటకటలాడిరి.

తరువాత ఏండ్లు గడచినను మల్లాంబ కడుపు పండలేదు. ఆమె నోచని నోము లేదు. ఒకనాడు పొరుగింట సీమంతమునకు పిలువగా పోయెను. గాజులు తొడుగు వేళ పేరంటాండ్రు ఆమె ముందునుండి పళ్లెమును తప్పించి అవతలి ఆమెకు అందించిరి. ఎవరును ఏమియు అనలేదు. అంత మర్యాదగా చేసిరి. మల్లాంబ తాంబూలము ముట్టక ఇల్లు చేరి, మారు మనువు చేసికొమ్మని మగనితో చెప్పెను. అతడు నేల చూచుచు కూర్చుండెనే కాని వలదనలేదు, సరేననలేదు. ఆ మౌనము ఆమెకు కత్తికోతయయ్యెను. రెండు చీరలు మూటగట్టుకొని పుట్టింటికి బయలుదేరెను.

గడప దాటబోవగా ముసలిది ఎదురుపడెను.

"ఈ ఇంట్లో బాలింత ఎవరమ్మా?"

లేదనుటకు మల్లాంబ నోరు తెరచెను. ఇన్నాళ్లును ఇంటిల్లిపాదియు చెప్పిన మాట అదియే. కాని ఆ మాట అనక, చేతి మూటను గడపపై దించెను.

"నేనే" అనెను. "రెండు కాన్పులమ్మా. చేతిలోకి ఒక్కరూ రాలేదు."

అని అక్కడనే కూలబడి, ఇన్నేండ్ల ఏడుపును ఏడ్చెను. ముసలిది ఊరుకొమ్మని అనలేదు. మరల పుట్టుదురులేయనియు అనలేదు. ప్రక్కన కూర్చుండి వీపు నిమిరెను. ఆ ఏడుపు విని కామసాని లోపలినుండి వచ్చి, కోడలిని చూచి, గోడ పట్టుకొని నిలిచెను.

"సింగన కంటే ముందు నాకూ ఒకడు పోయాడే" అనెను. "మా అత్త నన్ను ఆ రోజే దంపుళ్లకు పంపింది. నీకూ అట్లాగే చేశాను తల్లీ."

అప్పుడు ముసలిది వారికి విధి చెప్పెను. ఆ ప్రకారము కామసాని శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, వాము దంచి, బెల్లము నెయ్యి చేర్చి బాలింతకు పెట్టు కాయము కట్టెను. కోడలికి తలనిండ నూనె పెట్టి, బాలింతకు పోసినట్లు వేడినీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసి, నులక మంచముపై పరుండబెట్టి, తన చేతితో కాయపుముద్ద తినిపించెను. నీళ్లు కాచుట మగనిపని యని దేవి చెప్పియుండెను. సింగన పొయ్యి యూదుచు, పోయిన బిడ్డల పేర్లేమని అడిగెను. మల్లాంబ చెప్పెను. చిట్టెమ్మ, సూరన్న అని అతడు ఒక్కొక్కరినే పిలిచి, పొయ్యి ముందరనే వెక్కివెక్కి ఏడ్చెను. నా నోటితో ఆ బిడ్డల మాట యెత్తినచో నీవు తట్టుకొనలేవని ఊరకుంటిననియు, మారు మనువు మాట ఇక ఎత్తవలదనియు వేడుకొనెను. వారు తలయెత్తునప్పటికి ముసలిది లేదు. ఆమె కూర్చున్న పీటపై పసుపుముద్ద మాత్రముండెను.

మరునాడు కొలిమి రాజుకొనెను. పోసిన గిన్నెలు ఖంగుమనెను. బేరములు వచ్చెను, ఇల్లు కుదుటపడెను.

మేధాయనుడు ఇంతవరకు విని, స్వామీ, పిదప ఆమెకు బిడ్డలు కలిగిరాయని యడిగెను. కలిగిరని కొందరు, లేదని కొందరు చెప్పుదురని మహర్షి పలికెను.

ఈ వ్రతమునకు తిథివార నియమము లేదని మహర్షి మరల చెప్పసాగెను. గర్భము జారిన ఇంటను, పురిటిలో బిడ్డ పోయిన ఇంటను, కడుపు పండక అలసిన ఇంటను చేయవచ్చును. ఆలస్యమైనదని సంకోచింపరాదు, తల నెరసినవారును చేయవచ్చును. పెద్దామె నీళ్లు పోయవలెను, మగడు పొయ్యి యూదవలెను. ఈ ఇంట బాలింత ఎవరని వాకిట నిలిచి ఒకరడుగవలెను. ఆ దుఃఖము పడిన యామె నేనేయనువరకు ఎంతసేపైనను కాచియుండవలెను. ఇది చేసినవారికి సంతానము కలుగునని నేను చెప్పను. వారి ఇంట దుఃఖము ఒంటరిగా గోడచాటున ఉండదు, దంపతులు ఒకరి మొగము ఒకరు చూడగలుగుదురు, పేరంటమున పళ్లెము వారిని దాటి పోదు.

ఇక మల్లాంబ ముదుసలియై, మనుమలను ఎత్తుకొన్న ఆడవారి నడుమ కూర్చున్నప్పుడు, నీకెందరు పిల్లలమ్మాయని క్రొత్తవారెవరేని అడిగెడివారు. ఆమె తడుముకొనక, మొదటిది ఆడపిల్లయని మొదలుపెట్టెడిది.