ఒడ్డున పడ్డ తాడు

కూర్మయ్య మాస్టారికి ఒక అలవాటుంది. శిష్యులెవరైనా గట్టి ప్రశ్న వేస్తే ఆయన జవాబు చెప్పరు, చెప్పులేసుకుంటారు. బయటికి నడుస్తారు. అడిగినవాడు వెనకాల పోవాలి. ఒడ్డు ఊళ్ళ కుర్రాళ్ళకి చట్టాలూ హక్కులూ బోధించే పెద్దమనిషి ఇలా చెప్పుల్లో కాళ్ళు దూర్చడమేమిటని మొదట్లో అందరూ నవ్వుకునేవారు. ఏం చేస్తాం, ఆయన తీరంతే.

ఆవేళ అడిగినవాడు నూకరాజు. కులమనీ మతమనీ రంగనీ మనిషిని మనిషి హింసించకూడదని దేశాలన్నీ కలిసి ఒప్పందం రాసుకున్నాయి కదా, అది ఎంతవరకు నడుస్తోందో మాట్లాడుకునే సభకి వాణ్ణి పరాయిదేశం రమ్మన్నారు. తన ఊరి సంగతి తనే చెప్పాలి. సంగతికేం కొదవ? ఒడిశా వైపు నుంచి బతుకుతెరువుకొచ్చి ఊరి చివర పాకలు వేసుకున్న బెహరా వాళ్ళ వలల్ని, భాష వేరు, మొక్కే దేవుడు వేరు అన్న కక్షతో ఎవరో తగలబెట్టారు. ఎవరో ఏమిటి, ఊరిపెద్ద ఎర్రయ్య మనుషులే. ఎర్రయ్య నూకరాజుకి సొంత పెదనాన్న.

"నేను వెళ్ళను మాస్టారూ," అన్నాడు నూకరాజు. "కాగితాలు రాసుకుంటారు, చేతులు కలుపుకుంటారు, ఫొటో దిగుతారు. ఎవడైనా మాట తప్పితే అడిగే దిక్కుందా? కాదంటే కొట్టేవాడు లేని మాటకి విలువేటండీ?"

మాస్టారు చెప్పులేసుకున్నారు.

ఒడ్డుకి వెళ్ళేసరికి సముద్రం పొంగి ఉంది. ఇంజను ఆగిపోయిన బెహరా పడవ అలల మధ్య అడ్డం తిరుగుతోంది. లోపల బెహరా, అతని పెళ్ళీడు కొడుకూ. అతను విసిరిన మోకుతాడు ఇసకలో వచ్చి పడింది. పట్టి లాగేవాళ్ళుంటే బతుకుతారు, లేకపోతే లేదు. ఒడ్డున ఊరి మగవాళ్ళంతా ఉన్నారు, చేతులు కట్టుకుని ఉన్నారు. "ఆ తాడు ముట్టినోడు నా గడప తొక్కొద్దు," అన్నాడు ఎర్రయ్య.

మాస్టారు గబగబా పోయి మోకు పట్టుకున్నారు. ముసలి ప్రాణం, అది ఆయన్నే నీళ్ళలోకి ఈడ్చుకుపోతోంది. నూకరాజు మాత్రం నిలబడినచోటే నిలబడిపోయాడు. పెదనాన్న పెట్టిన కూడు తిని పెరిగినవాడు. భయమేసింది, ఆ భయానికి సిగ్గూ వేసింది.

అంతలో పక్కూరివాళ్ళు పడవని తమ ఒడ్డునుంచే చూసినట్టున్నారు, పరిగెత్తుకొచ్చారు. అందరికంటే ముందు చేపలమ్ముకునే పోలమ్మ, తలమీది తట్ట ఎక్కడో పారేసి. బెహరా అంటే వాళ్ళకీ గిట్టదు. మొన్ననే రేవు దగ్గర పోలమ్మ అతణ్ణి నోటికొచ్చినట్టు తిట్టిపోసింది. ఇప్పుడు చీర ఎగదోపి మోకు అందుకుంది.

"మా ఒడ్డు, మా తగువు! మధ్యలో నీకేటే?" అని లేచాడు ఎర్రయ్య.

"ఒడ్డు నీదే ఎర్రయ్యా, ఎవరు కాదన్నారు! ఒడ్డున తాడు పడితే ఎవరిదని అడక్కూడదన్న మాట మాత్రం అన్ని ఊళ్ళదీను. తుపాను ఏడాది మీ తాతా మా తాతా ఒకరికొకరు ఇచ్చుకున్నారు. నీ తాత మాటని గంగలో కలిపేస్తావేటి?"

నూకరాజు ఎప్పుడు కదిలాడో వాడికే తెలీదు. చూసుకుంటే మోకు మీద వాడి చేతులున్నాయి. వాడి వెనక ఒకడు, ఆ ఒకడి వెనక ఇంకొకడు, ఎర్రయ్య వైపు చూడకుండా వచ్చి చేరారు. హైలెస్సా అంటూ లాగితే పడవ ఒడ్డుకి మళ్ళింది. ఎర్రయ్య తాడు ముట్టుకోలేదు. కానీ "కింద దుంగలు పెట్టండ్రా సన్నాసుల్లారా, అడుగు చీలిపోద్ది!" అని అరిచింది మాత్రం ఆయనే.

బెహరా ఇసకలో కూలబడి కొడుకుని కావలించుకుని ఏడ్చాడు. పోలమ్మ తన తట్ట వెతుక్కుంటూ అతణ్ణి మళ్ళీ తిట్టడం మొదలెట్టింది.

తిరిగొస్తుంటే నూకరాజు అరిచేతులు మండుతున్నాయి, తోలు లేచిపోయింది. "ఇవాళ పెదనాన్న ఇంట్లో నాకు కూడు పుట్టదు మాస్టారూ," అన్నాడు. అన్నాడే గాని గొంతులో దిగులు లేదు.

మాస్టారు గుమ్మం దగ్గర చెప్పులు విప్పి పక్కన పెట్టారు. వాడి చేతులు తన చేతుల్లోకి తీసుకుని తిప్పి చూశారు.

"ఎవరు కొడితే లాగావురా?" అన్నారు.