ఏడు పెట్టెలు, ఒక్క టీవీ

ఇన్నయ్య చేతిలో పనితనం ఉంది. తలలోనే నిలకడ లేదు. టీవీ వెనక మూత విప్పి కూర్చున్నాడంటే చాలు, ఎప్పటెప్పటి సంగతులో వచ్చి చెవిలో జోరీగల్లా రొద పెట్టేవి. అమ్మ మోకాళ్ల నొప్పులు, కట్టాల్సిన చీటీ, ఎవరో ఎప్పుడో నవ్విన నవ్వు. అన్నిటికన్నా గట్టిగా వినిపించేది వాళ్ల అన్నయ్య అన్న మాట. "చదువు అబ్బలేదు. ఈ పనైనా అబ్బుద్దంటరా నీకు?"

మొన్న ఆ మాటే వింటూ ఒకరి టీవీలో ప్లస్సు వైరుకీ మైనస్సు వైరుకీ తారుమారుగా టంకం పెట్టాడు. స్విచ్చి వేయగానే బోర్డు చిటపటలాడి పొగ వదిలింది.

గురువు మస్తాన్‌వలీ గారు నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండేది. ఆయన పల్లెత్తు మాట అనలేదు. కాలిన బోర్డు తీసేసి, కొత్తది బిగించి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నారు. చీరాలలో నలభై ఏళ్లుగా కొట్టు పెట్టుకుని రేడియోలూ టీవీలూ బాగుచేస్తున్న మనిషి. మాటలు మాత్రం పొదుపు.

"నేనీ పనికి పనికిరాను గురువుగారూ," అన్నాడు ఇన్నయ్య. "కూర్చుంటే బుర్రలోకి వంద వస్తన్నాయి. వాటి నోళ్లు మూయించటం నావల్ల కాటల్లేదు. ఆదివారంతో మానేసి, సోమవారం నుంచి మా బావతో తాపీ పనికి పోతాను."

నాలుగేళ్లు ఇష్టపడి నేర్చుకున్న విద్య.

మస్తాన్‌వలీ గారు టోపీ సర్దుకున్నారు. "ఆదివారం దాకా ఉన్నావుగా. సీతారత్నం టీచరుగారిది ఒక పనుంది. అది చూసి పో."

సీతారత్నం గారు లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. వేసవిలో పిల్లలు ఎండన పడి తిరక్కుండా తన ముందుగదిని వాళ్లకు వదిలేశారు. ఊళ్లోవాళ్ల అటకలన్నీ దులిపించి ఏడు వీడియో గేమ్ పెట్టెలు పోగుచేశారు. ఉన్నది మాత్రం ఒక్కటే టీవీ.

"ఏడూ దీనికే తగిలించాలి నాయనా," అన్నారావిడ. "గేమ్ మార్చినప్పుడల్లా టీవీ వెనక దూరి వైర్లు పీకే ఓపిక నాకు లేదు."

పని చూడగానే ఇన్నయ్యకు ప్రాణం లేచొచ్చింది. పాత పెట్టెలకు ఎరుపు, తెలుపు, పసుపు వైర్లు. వాటిని కొత్త టీవీకి కుదిర్చే చిన్న డబ్బాలు తెచ్చి తగిలించాడు. ఏడు పెట్టెల వైర్లూ వచ్చి కలవడానికి ఒక స్విచ్చి పెట్టెను ఏరికోరి బెజవాడ నుంచి తెప్పించాడు.

"ఇది దానంతటదే మారే రకం గురువుగారూ! ఏ గేమ్ మేలుకుంటే దాని బొమ్మ టీవీలోకి వచ్చేస్తది."

"మనం వేలు పెట్టక్కర్లేదా?"

"అస్సలు అక్కర్లేదు!"

"సరే, కానియ్."

ఆదివారం పొద్దున్నే పదిహేనుమంది పిల్లలు దిగారు. మొదటి వంతు ఝాన్సీ అనే పిల్లది. కారు పందెంలో చివరి మలుపు దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే పక్కన ఒక పిల్లాడు తన పెట్టె ఆన్ చేశాడు. టీవీలో కారు పోయి ఫుట్‌బాల్ వచ్చి కూర్చుంది. మళ్లీ కారు తెప్పించేసరికి అది బోల్తా పడి ఉంది. ఝాన్సీ ఏడుపు లంకించుకుంది. ఈ గొడవ సద్దుమణిగిందో లేదో, ఎవరూ ముట్టుకోని మూలపెట్టె ఒకటి తనంతట తనే మేలుకుని తెర లాక్కుంది.

"ఎవరూ ఏదీ ముట్టుకోవద్దు!" అని అరిచాడు ఇన్నయ్య. బల్లకింద దూరి ఒక్కొక్కదాని ప్లగ్గూ పీకడం మొదలుపెట్టాడు. ఇటు ఒకటి పీకితే అటు ఇంకొకటి వెలిగేది. తల ప్రాణం తోకకొచ్చింది. పిల్లల ముఖాలు వాడిపోయాయి.

"పోనీలే నాయనా," అన్నారు సీతారత్నం గారు. "ఒక్కటి ఉంచి మిగతావి అటకెక్కించేద్దాం."

ఆవిడ మెల్లగానే అన్నారు. ఇన్నయ్యకు మాత్రం అది అచ్చం వాళ్ల అన్నయ్య గొంతులాగే వినిపించింది. బల్లకిందే చతికిలబడిపోయాడు.

గుమ్మం దగ్గర కుర్చీలో ఉన్న మస్తాన్‌వలీ గారు లేచి వచ్చారు. సంచిలోంచి ఇంకో స్విచ్చి పెట్టె తీశారు. దీనికి ముందువైపు ఏడు బటన్లున్నాయి. ఇన్నయ్య పెట్టె ఊడదీసి, ఒక్కొక్క వైరూ తనే ఇందులోకి మార్చారు. పీకిన ప్లగ్గులన్నీ మళ్లీ పెట్టారు. మూడో బటన్ నొక్కారు. కారు వచ్చింది.

ఝాన్సీ కళ్లు తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టింది. ఇందాకటి పిల్లాడు ఆగలేక తన పెట్టె ఆన్ చేశాడు. దాని మీద పచ్చదీపం వెలిగింది. ఇన్నయ్య దాన్ని ఆపడానికి ఒక్క ఉదుటున లేచాడు. గురువుగారు అతని మణికట్టు పట్టుకున్నారు.

"ఉండనీ."

"మళ్లీ దూకుద్ది గురువుగారూ!"

"చూడు."

ఇంకో దీపం వెలిగింది. ఆ తర్వాత మూలపెట్టె. కాసేపటికి ఏడు దీపాలూ వెలిగాయి. కారు మలుపు తిరిగి నేరుగా గీత దాటింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఝాన్సీ గెంతుతూ వచ్చి, తర్వాతి పిల్లాడి కోసం ఐదో బటన్ తనే నొక్కింది.

ఇన్నయ్య ఆ దీపాలకేసి చాలాసేపు చూశాడు.

"వాటిని ఆపక్కర్లేదా గురువుగారూ?" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

"వెలిగితే వెలగనీరా. వేలు నీది."

బయట ఎండ ముదిరింది. మస్తాన్‌వలీ గారు సంచి భుజాన వేసుకుని చెప్పులు తొడుక్కున్నారు.

"మీ బావ రేపు ఎన్నింటికి రమ్మన్నాడు?"

ఇన్నయ్య ముంజేత్తో కళ్లు తుడుచుకుని చెయ్యి చాపాడు.

"తాళాలు ఇటివ్వండి గురువుగారూ. రేపు కొట్టు నేను తీస్తాను."